అక్షరాల పుట్టింటికి ఎవరూ రారు

మూలా నక్షత్రం నాడు బెజవాడకు రాత్రి ఉండదు. అర్ధరాత్రి దాటీ దాటకముందే కెనాల్ రోడ్డులో వినాయకుడి గుడి దగ్గర వరసలు కదులుతాయి. దసరా రోజులన్నిట్లోనూ ఇంద్రకీలాద్రికి జనం వస్తారు గానీ, అమ్మవారు సరస్వతీ అలంకారంలో కనిపించే ఆ ఒక్క రోజు సంగతి వేరు. చంకన పిల్లలు, పిల్లల చేతుల్లో పలకలు. పరీక్షలు రాయబోయేవాళ్లు పెన్నులు పట్టుకొస్తారు. 31 ఏళ్లు తెలుగు టీచరుగా పనిచేసిన నేను కూడా పదో తరగతి పిల్లల పెన్నులు రబ్బరు బ్యాండు వేసి తీసుకెళ్లి, అమ్మవారికి చూపించి తెచ్చి పంచినదాన్నే. మా మనవరాలికి అక్షరాభ్యాసం కూడా ఆ కొండ మీదే చేయించాం. పళ్లెంలో బియ్యం, ఆ బియ్యంలో దాని చూపుడువేలు, వేలి మీద పంతులుగారి చెయ్యి. ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

ఆ భక్తి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధ వేరు. అక్షరం కోసం లక్షల మంది కొండెక్కే ఈ ఊరికి రెండు గంటల దారిలో, మన అక్షరం తొలి రూపు దొరికిన ఊరు ఉంది. ఆ ఊరికి ఎవరూ వెళ్లరు. తెనాలిలో రేపల్లె బండి ఎక్కితే ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు, భట్టిప్రోలు స్టేషను వచ్చేస్తుంది.

ఆ పేరు నాకు తెలియక కాదు. లిపి పాఠం చెప్పిన ప్రతిసారీ 'భట్టిప్రోలు శాసనాలు' అని బోర్డు మీద రాశాను, కింద గీత గీశాను, రెండు మార్కుల ప్రశ్న వస్తుందని చెప్పాను. ఎండాకాలం సెలవులు వస్తే కాశీ వెళ్లాను, రామేశ్వరం వెళ్లాను, హంపి, అజంతా చూశాను. భట్టిప్రోలు వెళ్దామని స్టాఫ్ రూములో ఒకటి రెండుసార్లు అన్నాను. "అక్కడేముంది టీచర్ చూడ్డానికి?" అన్నారు. నిజమే కాబోలు అనుకుని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే ఇవాళ నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

రిటైరయిన ఏడాది శీతాకాలంలో, ఎనిమిదేళ్ల మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లాను. స్టేషను బయట ఆటో అబ్బాయితో "స్తూపం దగ్గరికి పోనివ్వు బాబూ" అన్నాను. ఒక్క క్షణం ఆలోచించాడు. "ఓ, దిబ్బా అండీ" అన్నాడు. "అక్కడికి ఎవరూ రారండీ. ఎప్పుడన్నా కాషాయం కట్టుకున్న స్వాములొస్తారు, వేరే దేశాల నుంచి. వాళ్లు మోకాళ్ల మీద కూర్చుని దణ్ణం పెట్టుకుంటారు. మనోళ్లు మాత్రం రారండీ."

దిబ్బ అన్నాడు గానీ, ఆ పిల్లవాడు మర్యాద కోసం సగం పేరు మింగేశాడు. ఈ డెల్టాలో భట్టిప్రోలు, ఘంటసాల, గుడివాడ మూడు ఊళ్లలోనూ స్తూపాల గుట్టలకు జనం పెట్టుకున్న పేరు ఒకటే. వేశ్య దిబ్బ అనే అర్థం వచ్చే మొరటు మాట. వందేళ్ల కిందటి తవ్వకాల నివేదికల్లో కూడా ఆ పేరే ఎక్కింది. నేను ఇక్కడ రాయను. బుద్ధుడి అవశేషాలైన ధాతువులు పెట్టి, అమ్మానాన్నా కొడుకూ కలిసి దానం చేసి కట్టుకున్న పుణ్యస్థలం, ఎవరిదో ఎందుకో తెలియకుండా పోయాక ఆ పేరు మిగిలింది. ఊళ్లో మరో పాత దిబ్బకు విక్రమార్కుడి కోట అని పేరు. భట్టి విక్రమార్కుల కథ తెలుసు గనుక దానికి రాజుగారి గౌరవం దక్కింది. కథ మరిచిపోయిన దానికి తిట్టు దక్కింది.

కంచె ఉంది. బోర్డు ఉంది. ఇది రక్షిత కట్టడం, పాడు చేస్తే శిక్ష అని అందులో ఉంది. లోపల ఉన్నది ఏమిటో, ఎందుకు పాడు చెయ్యకూడదో చదివి తెలుసుకుందామంటే నాకు కనిపించలేదు. గడ్డి కోసి శుభ్రంగా ఉంచారు, ఆ మాట చెప్పాలి. కంచె వేసి కాపాడటం చిన్న పని కాదు, అదే లేకపోతే ఇవాళ ఈ మాత్రం కూడా మిగిలేది కాదు. నడుమ ఇటుకల గుట్ట, గుండ్రంగా, విశాలంగా. అడుగుభాగం అడ్డంగా 148 అడుగులు. మా పాప చెప్పులు విడిచి ఒక ఇటుక పక్కన కూర్చుని కొలిచింది. దాని జానతో మూడు జానలు. "అమ్మమ్మా, మన ఇంటి ఇటుకలు దీనికి పిల్లలు" అంది. ఆ ఇటుక అంచు మీద చెయ్యి పెడితే ఎండకు వెచ్చగా ఉంది. దాన్ని అచ్చులో పోసి తీసిన చేతుల కాలానికి నన్నయ లేడు, శాతవాహనుల పేరు కూడా ఈ నేల మీద ఇంకా మోగి ఉండదు.

1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వాడు. గుట్ట నడుమ, ఒకదాని కింద ఒకటిగా మూడు రాతి భరిణెలు దొరికాయి. వాటిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, పూసలు, ధాతువు. రాతి మూతల మీద, అంచుల మీద రాతలు. ఆ రాతల్ని చదివినవాడు జర్మన్ పండితుడు గెయోర్గ్ బ్యూలర్. క్రీస్తు పూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటివని పండితుల లెక్క. కుబీరకుడనే రాజు పేరు అందులో ఉంది. గోష్ఠి అనే సంఘం ఉంది, అందులోని మనుషుల పేర్లు వరసగా ఉన్నాయి. ఒక భరిణె మీద కుర అనే అతని తండ్రి, కుర తల్లి, కుర, శివ అనే మరొకతను కలిసి ఈ పెట్టె, ఈ స్ఫటికపు భరిణె చేయించారని ఉంది. ఆ తల్లికి సొంత పేరు రాయలేదు, 'కుర తల్లి' అనే రాశారు. మా వీధిలో ఇప్పటికీ అంతే. నలభై ఏళ్లుగా పక్కింట్లో ఉన్నావిడ పేరు చాలామందికి తెలియదు, ఫలానా వాళ్లమ్మ అంటేనే తెలుస్తుంది. రెండువేల ఏళ్ల కిందటి ఆ కుటుంబం నాకు ఒక్కసారిగా పక్కింటివాళ్లయిపోయారు.

"అది తెలుగు కాదు కదండీ, ప్రాకృతం" అంటారు చదువుకున్నవాళ్లు. ఔను, భాష ప్రాకృతమే. నేను భాష గురించి అనడం లేదు, రాత గురించి అంటున్నాను. అశోకుడి బ్రాహ్మీ లిపి ఇక్కడికి వచ్చి, ఇక్కడి చేతుల్లో పడి మారింది. ఘ, జ, మ, ల, ళ లాంటి అక్షరాల రూపు మిగతా చోట్ల ఉన్నట్టు ఉండదు. మ అయితే తలకిందులుగా నిలబడింది. అంతకంటే ముఖ్యమైన మార్పు మరొకటి ఉంది. మామూలు బ్రాహ్మీలో హల్లు బొమ్మ గీస్తే చాలు, అందులో 'అ' ఉన్నట్టే. భట్టిప్రోలు భరిణెల మీద అలా కాదు. ఉత్త బొమ్మ గీస్తే అది పొల్లు. 'క' అనిపించాలంటే దానికి ఒక చిన్న అడ్డగీత చేర్చాలి.

ఒకటో తరగతి నుంచి మనం నేర్చుకునేది ఏమిటి? క్ కు తలకట్టు ఇస్తే క. గుణింతం మొదలయ్యేదే తలకట్టుతో. ఆ గీతే ఈ తలకట్టు అయిందని తీర్పు చెప్పడానికి నేనెవర్ని, అది లిపి శాస్త్రం తెలిసినవాళ్ల పని. కానీ హల్లు వేరు, దానికి ప్రాణం పోసే గుర్తు వేరు అనే ఆలోచన ఈ కృష్ణ ఒడ్డున ఒక రాతిపనివాడి ఉలి కింద అప్పుడే ఉందని తెలిసినప్పుడు నా ఒళ్లు గగుర్పొడిచింది. 31 ఏళ్లు తలకట్టు మరిచిపోయిన పిల్లలకు మార్కు తగ్గించాను. తలకట్టుకు పుట్టినూరు లాంటి ఊరొకటి ఉందని వాళ్లకు ఒక్కసారి కూడా చూపించలేదు. తెలుగుకూ కన్నడానికీ కలిపి తాత లాంటి రాత ఇదని పండితులు అంటుంటే, మా స్కూలు విహారయాత్రల బస్సు ఏటా పార్కులకే పోయింది.

కంచె బయట గేదెల్ని తోలుకెళ్తున్న పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. "దిబ్బ చూడ్డానికొచ్చారా అమ్మా?" అన్నాడు. ఔనన్నాను. "మా తాత చెప్పేవోడు, ఈ ఇటుకలు చాలామటుకు రోడ్డు కిందకి పోయినయ్యంట. మీరొచ్చిన దారి కింద బుద్ధుడున్నాడురా, మెల్లిగా నడవండి అనేవోడు."

తాత చెప్పింది నిజం. పందొమ్మిదో శతాబ్దంలో ఈ స్తూపం గోపురాన్ని కూలగొట్టి ఇటుకల్ని రోడ్డు వెయ్యడానికి వాడారు. పలకరాళ్లను వెల్లటూరు దగ్గర కాలువ తూముకు వాడారు. రే వచ్చేసరికి మిగిలింది పునాదీ, నడుమ ముద్దా. ఆ ముద్దను కూడా తీసేసి ఉంటే భరిణెలు కూడా ఏ తూములోనో కలిసిపోయేవి, తెలుగు లిపి చరిత్రలో తొలి పేజీ మనకు దక్కేదే కాదు.

ఈ సంగతి తలుచుకున్నప్పుడు నాకు ఒకరి మీద కోపం తెచ్చుకోవడం కూడా చేతకాదు. ఎందుకంటే ఆ కాలువే మమ్మల్ని బతికించింది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన కాలువలవి. మా అమ్మ పుట్టింటివాళ్లు ఆ కాలువ చివరి భూముల రైతులు. నేను తిని పెరిగిన అన్నం, నా చదువు ఫీజు, పెళ్లినాటి నగలు అన్నీ ఆ నీళ్లే. ఆ నీళ్లను ఆపి వదిలే తూములో, బుద్ధుడి ధాతువుకు కాపుగా నిలబడాల్సిన రాయి కూర్చుంది. అలాంటప్పుడు బాకీ ఎవరిది? రాళ్లు మోయించిన దొరలు వెళ్లిపోయారు. వరి పండించుకుని నాలుగు తరాలు తిన్నవాళ్లం మనం ఉన్నాం. వందేళ్ల తర్వాత నాగార్జునసాగర్ కట్టినప్పుడు మన దేశం ఆ బాధ్యత తెలుసుకుంది. నీళ్లు నిండకముందే నాగార్జునకొండను తవ్వి, కట్టడాలను గుట్ట మీదికి మార్చి, మ్యూజియం కట్టింది. భట్టిప్రోలుకు ఆ అదృష్టం లేదు.

దొరికినవి కూడా ఊళ్లో లేవు. భరిణెలు చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి చేరాయి. ధాతువు ఇంకా దూరం పోయింది. 1920లో దాన్ని మహాబోధి సొసైటీకి అప్పగిస్తే, బౌద్ధ ప్రచారకుడు అనగారిక ధర్మపాల కలకత్తాలో కట్టించిన ధర్మరాజిక విహారంలో ప్రతిష్ఠించారు. కాలేజ్ స్క్వేర్ పక్కన, పుస్తకాల దుకాణాల వీధికి దగ్గర్లో, మన భట్టిప్రోలు ధాతువుకు పూజలు జరుగుతున్నాయి. అక్కడ దీపం వెలుగుతున్నందుకు సంతోషమే. మన ఊళ్లో ఆ మాట చెప్పే పలక ఒక్కటైనా ఉండొద్దా?

అమరావతి పలకరాళ్లు లండన్‌లో ఉన్నాయని అందరికీ తెలుసు, అందరం బాధపడతాం. ఆ బాధ న్యాయమైనదే. కానీ లండన్ నుంచి తెచ్చుకోలేని రాళ్ల కోసం పడే బాధలో పదో వంతు, పక్కనే ఉన్నవాటి మీద చూపిస్తే ఎంత బాగుండు.

పక్కనే అంటే మరీ దూరం కూడా పోనక్కర్లేదు. సరస్వతీ అలంకారం చూడ్డానికి వచ్చినవాళ్లు మొక్కే మల్లేశ్వరుడి ఆలయం స్తంభం మీద తెలుగు పద్యాలు ఉన్నాయి. చాళుక్య యుద్ధమల్లుడు వేయించిన శాసనం. చేబ్రోలు నుంచి జాతరకు వచ్చిన కుమారస్వామికి ఇక్కడ గుడీ మఠమూ కట్టించిన సంగతి మధ్యాక్కరల్లో చెప్పాడు. నన్నయ భారతం మొదలుపెట్టడానికి వందేళ్లకు పైగా ముందే బెజవాడ రాతి మీద గణాలూ యతులూ కుదిరిన తెలుగు పద్యం నిలబడి ఉంది. దాన్ని చదివి లోకానికి చెప్పింది జయంతి రామయ్య పంతులుగారు. పదో తరగతి పిల్లల పెన్నులు పట్టుకుని నేను ఎన్నిసార్లు కొండెక్కానో చెప్పాను కదా. అన్నిసార్లూ ఆ పద్యాల ఊరికే వచ్చి, ఆ పద్యాలను తలుచుకోకుండా ప్రసాదం తీసుకుని దిగొచ్చాను. దారిలో కొండ అడుగున అక్కన్న మాదన్న గుహలూ ఉన్నాయి. వాటి ముందు ఆగి చూసినవాళ్లు ఎందరు?

నేను పుట్టి పెరిగింది మొగల్రాజపురంలో. మా చిన్నప్పుడు అక్కడి గుహల్లో దాగుడుమూతలు ఆడుకున్నాం. కొండను తొలిచిన ఆ అయిదు గుహల్లో అర్ధనారీశ్వరుడూ నటరాజూ ఉన్నారని, దక్షిణదేశంలో అలాంటి రూపాల్లో తొలినాటివని చెప్తారని మాకు ఏ పెద్దవాళ్లూ చెప్పలేదు. ఇప్పుడు చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. పక్క వీధిలో అద్దెకు ఉండి చదువుకునే పిల్లల్ని అడిగితే టిఫిన్ సెంటరు చూపించారు గానీ గుహ ఎటో చెప్పలేకపోయారు. వాళ్ల తప్పు ఏముంది?

ఘంటసాల సంగతీ అంతే. ఘంటసాల అనగానే తెలుగువాడికి గొంతు వినిపిస్తుంది, అది మన భాగ్యం. కానీ ఆ ఊరు టాలెమీ అనే గ్రీకు భూగోళ పండితుడు రెండో శతాబ్దంలో పేరు పెట్టి రాసుకున్న రేవు అని, అక్కడి స్తూపం లోపల ఇటుక గోడలు బండిచక్రం ఆకుల్లా కట్టి ఉంటాయని, అక్కడి శిల్పాలు పారిస్ గీమే మ్యూజియం దాకా వెళ్లాయని చెప్పుకునేవాళ్లు ఎందరున్నారు?

నేను ఈ మధ్య ఆర్మేనియా గురించి చదివాను. 2011 లెక్కల్లో మన పాత కృష్ణా జిల్లా జనాభా 45 లక్షలు. ఆ దేశం మొత్తం కలిపితే 30 లక్షల చిల్లర. తమ అక్షరమాల పుట్టి 1600 ఏళ్లు అయిందని 2005లో వాళ్లు ఒక కొండ వాలులో 39 అక్షరాలనూ మనిషి ఎత్తు రాళ్లుగా చెక్కి నిలబెట్టారు. పిల్లలు తమ పేరులో మొదటి అక్షరం వెతుక్కుని దాని పక్కన నిలబడి ఫొటో దిగుతారట. దక్షిణ కొరియావాళ్లు ఏటా అక్టోబరు 9న తమ లిపి పేరుతో దేశమంతా సెలవు తీసుకుంటారు. మనం 8 కోట్ల మందిమి. 2008లో కేంద్రం ప్రాచీన భాష హోదా ఇచ్చినప్పుడు స్వీట్లు పంచుకున్నాం. మా స్కూల్లో నేనే పంచాను. భాష పాతదని చెప్పుకోవాల్సిన ప్రతి సభలోనూ భట్టిప్రోలు పేరు ఎత్తుతాం. సభ అయ్యాక ఆ ఊరు మనకు గుర్తుండదు. కూతురి చదువు గురించి పదిమందిలో గొప్పలు చెప్పి, ఆమె గడప తొక్కని తండ్రి లాంటి మాట ఇది. నాకు ఇంతకంటే మెత్తగా చెప్పడం రాలేదు.

పెద్ద పెద్ద కోరికలు కోరడం లేదు. గాజు గోపురాలు, లేజర్ వెలుగులు వద్దు. ఆ మూడు భరిణెలకు నమూనాలు చేయించి భట్టిప్రోలులో పెట్టండి. మూత అంచు మీది రాతను పెద్దగా చెక్కించి, ఒక్కో అక్షరం కింద మన అక్షరం రాయించండి. తలకిందుల మ ను పిల్లలు వేలితో దిద్దేలా ఉండాలి. కుర తల్లి మాటను నాలుగు తెలుగు వాక్యాల్లో చెప్పే పలక ఒకటి నిలబెట్టండి. ధాతువు ఎక్కడుందో రాయండి. వెల్లటూరు తూము దగ్గర కూడా ఒక రాయి పాతండి, ఈ తూముకు స్తూపం రాళ్లు వాడారని. బెజవాడ, గుంటూరు, తెనాలి బడులు ఏడాదికి ఒక్కసారి ఒక్క బస్సు పంపితే చాలు. చెన్నైలోని అసలు భరిణెలను ఏ ఒక్క ఏడాదైనా నాలుగు రోజులు పుట్టినూరికి తెచ్చి చూపించలేమా? ఉత్సవ విగ్రహాలను ఊరేగించడం తెలిసిన నేల ఇది.

ఇక ఊళ్లోవాళ్లను చేతులు జోడించి అడిగేది ఒకటే. ఆ మొరటు పేరు మానేయండి. దిబ్బ అన్నా ఫర్వాలేదు. అక్షరాల దిబ్బ అనండి.

ఆ రోజు తిరుగు బండికి ఇంకా టైముంది. మా పాప సంచిలోంచి నోటుపుస్తకం తీసి, నేను చూపించిన ఫొటో చూస్తూ భరిణె మీది అక్షరాలు గీసుకుంది. ఒక క గీసి నా వైపు తిప్పింది. "అమ్మమ్మా, దీనికి గీత పెట్టలేదు. ఇది క్ యే కదా" అంది. తర్వాత తనే నాలుక బయటపెట్టి, జాగ్రత్తగా, పక్కన చిన్న గీత పెట్టింది.

వచ్చే మూలా నక్షత్రానికి నేను కొండెక్కడం లేదు. అమ్మవారు తప్పు పట్టుకోదని నా నమ్మకం. పొద్దున్నే తెనాలి వెళ్లి రేపల్లె బండి ఎక్కుతాను. పలకలు, బలపాలు, కాసిని బియ్యం పట్టుకెళ్తున్నాను. పిల్లలున్నవాళ్లు ఎవరైనా రావచ్చు. స్టేషను బయట ఆటోవాళ్లను దిబ్బ అని అడిగితే తీసుకొస్తారు.